పోగు పడేదాకా

పిల్లల ఆసుపత్రి వెనక వైపు, బట్టలుతికే గదికీ మందుల గోదాముకీ మధ్య ఇరుక్కుని రెండు గదుల ల్యాబు ఒకటి ఉండేది. మా పెద్దమ్మ ఉద్యోగమంతా అక్కడే గడిచింది. ఉతికే గదిలోంచి వచ్చే ఆవిరి కిటికీ అద్దాలకు పట్టేసి, చలికాలం పొద్దుటిపూట లోపల మసిలేవాళ్ళు బయటికి నీడల్లా కనిపించేవారు. మేము పై వాటాలో, పెద్దమ్మ వాళ్ళు కింది వాటాలో ఉండేవాళ్ళం. బడికి సెలవిచ్చిన రోజున అమ్మకు బయట పనుంటే పెద్దమ్మే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. తలుపు పక్కనున్న ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, "ఇక్కణ్ణించి దిగావంటే సూదే" అనేది. నేను దిగేదాన్ని కాదు. సూదికి భయపడి కాదు. అక్కణ్ణించి అన్నీ బాగా కనిపించేవి.

గోడవారగా పొడవాటి బల్ల, దానిమీద వెచ్చని నీళ్ళ తొట్టి. ఆ నీళ్ళు ఎప్పుడూ మనిషి ఒంటి వేడితోనే ఉండాలి. ఎక్కువైనా తక్కువైనా ఆ పూట చేసిన పరీక్షలన్నీ దండగ. పెద్దమ్మ రాగానే థర్మామీటరు చూసేది. చూశాక మణికట్టు కూడా ఒకసారి నీళ్ళలో ముంచేది. "మీటరు మీద నమ్మకం లేకనా?" అని అడిగితే, "నమ్మకం లేక కాదే. నేనొచ్చానని నీళ్ళకి చెప్పొద్దూ?" అనేది.

ఆమె పని రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూడడం. రక్తాన్ని యంత్రంలో పెట్టి గిర్రున తిప్పి, పైన తేలిన పసుపుపచ్చని ప్లాస్మాను సన్నటి గాజు ట్యూబులోకి తీసేది. తొట్టిలో కాసేపు వెచ్చబడనిచ్చి, అందులో మందు చుక్కలు వేసి, ఎడమచేత్తో స్టాప్‌వాచ్ నొక్కేది. ఇక కుడిచేతిలో ట్యూబు ఊరుకునేది కాదు. నీళ్ళలోంచి తీయడం, దీపానికి ఎదురుగా వంచడం, మళ్ళీ ముంచడం. అప్పటిదాకా నీళ్ళలా అటూ ఇటూ జారుతున్న ద్రవంలో ఉన్నట్టుండి సాలెగూడు పోగంత సన్నటిది ఒకటి తళుక్కుమనేది. పాలు తోడుకునే క్షణాన్ని కంటితో పట్టుకున్నట్టు ఉండేది. పెద్దమ్మ వాచీ ఆపేసేది. ఇదంతా జరిగేది కొన్ని సెకన్లలో. ఆ కొన్ని సెకన్లూ నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఎందుకో తెలీదు, ఆమె కూడా బిగబట్టేది.

పోల్చి చూసుకోవడానికి రోజూ ఒక ఆరోగ్యవంతుడి రక్తం కావాలి. ఒకరోజు మాస్టారిది తీస్తే మర్నాడు పెద్దమ్మది. మాస్టారంటే ఆమెకు పని నేర్పిన పెద్ద టెక్నీషియన్. ఎక్కడా బడిపంతులుగా చేసిన మనిషి కాదు. ఆయన మాటతీరు వల్ల ఆ పేరు వచ్చింది. పెదనాన్న సిటీ బస్సు డ్రైవరు. పెద్దమ్మ మోచేతి దగ్గర దూది అంటించుకుని ఇంటికొచ్చిన రోజున, "రక్తం పీల్చే ఉద్యోగాలని అంటుంటే ఏదో మాటవరసకి అనుకునేవాణ్ణి. మీ పెద్దమ్మ చేసేది అచ్చంగా అదే" అనేవాడు. పెళ్ళికి ముందు తనను కూడా వెలుతురుకు ఎదురుగా పెట్టి వంచి చూసి, గట్టిపడ్డాడని నమ్మకం కుదిరాకే ఒప్పుకుందని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ చెప్పేవాడు. పెద్దమ్మ కాదనేది కాదు.

ఆ ఆసుపత్రిలో పిల్లలకు ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఒకరుండేవారు. ఆరడుగుల మనిషి. ల్యాబులోకి రావాలంటే గడప దగ్గర తలవంచాలి. అయినా అందరూ ఆవిణ్ణి చిన్న డాక్టరమ్మ అనే పిలిచేవారు, చిన్నవాళ్ళకు వైద్యం చేస్తారని. పెద్ద డాక్టరుగారు ఒకాయన ఉండేవారు, ఆయన ఈవిడ భుజందాకా వచ్చేవారు.

కొందరు పిల్లలు పేగు ఎక్కడో ఒకచోట మూసుకుపోయి పుడతారు. కొందరికి పుట్టాక మెలిపడుతుంది. తాగిన పాలు కిందికి దిగవు. పొట్ట ఉబ్బుతుంది. పసరు కక్కుతారు. కోసి సరిచేస్తే తప్ప బతకరు. చిన్న డాక్టరమ్మ చేతిలో ఎక్కువగా పడేది ఆ పిల్లలే. నేను ఇంకా పుట్టకముందు ఒక మధ్యాహ్నం ఆవిడ ల్యాబులోకి వచ్చి, చేతులు కడుక్కున్న తడి ఆరకుండానే బల్లకు ఆనుకుని నిలబడ్డారట.

"కుట్టు బాగానే పడింది మాస్టారూ. పేగు రంగు కూడా బాగుంది. అయినా పిల్లాడు పోయాడు. ఎందుకు పోయాడో నా కత్తికి తెలీదు. మీ ట్యూబుకేమైనా తెలుసా?"

"అడిగి చూద్దామమ్మా" అన్నారు మాస్టారు. "కాకపోతే వాళ్ళ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే ఒక గ్లాసుడు. ఎక్కువ ప్రశ్నలు అడగలేం."

అలా మొదలైంది. పెద్దవాళ్ళ నుంచి తీసినట్టు తీస్తే ఆ పిల్లలు తట్టుకోలేరు కాబట్టి, పెద్దమ్మా మాస్టారూ కలిసి ఉన్నవాటిలో అతి చిన్న ట్యూబులు ఏరి, వాటి మీది కొలత గీత కిందికి జరిపి, దానికి తగ్గట్టు మందు కొలత మార్చుకున్నారు. పసివాళ్ళ రక్తం మామూలుగానే కాస్త నిదానంగా గడ్డకడుతుంది. పుట్టగానే ఒక విటమిన్ సూది వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కానీ పేగు కుళ్ళి ఆ విషం ఒంట్లోకి పాకితే సూది ఒక్కటే చాలదు. అలాంటి పిల్లల ప్లాస్మాలో పోగు ఎంతకీ పడదు. వంచుతూ ఉండాలి, ముంచుతూ ఉండాలి.

కొన్నేళ్ళకు పెద్దమ్మకు ఆ అంకెలు కంఠతా వచ్చేశాయి. ఏ అంకె అయితే పైన వార్డులో అందరూ తేలిగ్గా ఉంటారో, ఏ అంకె దాటితే ఉయ్యాల ఖాళీ అవుతుందో ఆమెకు తెలిసిపోయేది. అది ఆమెకు ఇష్టమైన తెలివి కాదు. చిన్న డాక్టరమ్మ మాత్రం, "ఇది జాతకం కాదండీ. మబ్బు పట్టిందని చెప్తుంది, అంతే. మబ్బు పట్టిన ప్రతిసారీ వాన పడుతుందా?" అనేవారు.

పెద్దమ్మ వార్డులోకి వెళ్ళేది కాదు. మెట్లెక్కితే రెండో అంతస్తే. అయినా ఎక్కేది కాదు. ఒకసారి నేను పాపల్ని చూస్తానని మారాం చేస్తే, "మొహం చూశాక ట్యూబు వంచితే, నాకు కావాల్సిన చోట పోగు కనబడుతుంది. నేను చూడకపోతేనే వాళ్ళకి మంచిది" అంది. నాకు అర్థం కాలేదు. పాపల్ని చూడనివ్వలేదని ఆ సాయంత్రమంతా మూతి ముడుచుకుని కూర్చున్నాను.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా తమ్ముడు పుట్టాడు. మా వీధి చివరి ప్రసూతి ఆసుపత్రిలో పుట్టాడు. మొదటిరోజు బాగానే ఉన్నాడు. మర్నాటికి పొట్ట బిగిసి, పాలు పట్టబోతే పసరు కక్కాడు. అక్కడి నర్సు ఆ రంగు చూసి ఇంకో మాట మాట్లాడకుండా పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. నాన్న దర్జీ. కుట్టుమిషను మీద గుడ్డ ఉన్నదున్నట్టే వదిలేసి పరుగెత్తాడు. పెదనాన్న డ్యూటీలోంచి వచ్చి టాక్సీ పిలిచాడు. ఇరవయ్యేళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషి. ఆవేళ వెనక సీట్లో తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, దారిపొడవునా టాక్సీవాడికి బండి ఎలా నడపాలో చెబుతూనే ఉన్నాడట. ఆసుపత్రి గేటు దగ్గర టాక్సీవాడు డబ్బు తీసుకోలేదట, "మీరే నడిపారు కదండీ" అని.

రక్తం కిందికి వచ్చింది. ట్యూబు మీద అంటించిన చీటీలో తల్లి పేరు చూసి పెద్దమ్మ ఆగిపోయింది. అక్కడ జరిగిందంతా తర్వాతెప్పుడో ఆమే చెప్పింది.

"మాస్టారూ, ఇది మీరు చూడండి."

"నా కళ్ళ సంగతి నీకు తెలుసుగా. పోగు పడి, అది ముసలిదయ్యాక గానీ నాకు కనబడదు."

"నా చేతులు చూడండి మరి."

ఆయన చూశారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. ట్యూబు ఆయన వంచారు. పెద్దమ్మ ఆయన భుజం వెనక నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. పోగు కనబడగానే ఆమె "ఆపండి" అనాలి, ఆయన వాచీ ఆపాలి. అదీ ఒప్పందం.

ముందు పోలిక కోసం తీసిన రక్తం. ఆ రోజు వంతు పెద్దమ్మదే. "నా రక్తం హాయిగా, సిగ్గులేకుండా ఠంచనుగా గడ్డకట్టుకుంది" అనేది ఆ కథ చెప్పినప్పుడల్లా. తర్వాత తమ్ముడిది. మాస్టారు వంచారు, ముంచారు. వంచారు, ముంచారు. ఆరోగ్యంగా ఉన్న పసివాళ్ళకు పడాల్సిన వేళ దాటిపోయింది. కాస్త ఆలస్యమైనా పర్వాలేదనుకునే వేళ కూడా దాటిపోయింది. ఇక్కడే ఏదో ఒకచోట "ఆపండి" అనేస్తే అయిపోతుంది కదా అనిపించిందట. "మాట నోటిదాకా వచ్చిందే. పళ్ళమధ్య పెట్టి నొక్కేశాను. అబద్ధం చెబితే డాక్టరమ్మ నమ్మి కోస్తుంది. రక్తం నమ్మదుగా."

పోగు పడింది. బాగా ఆలస్యంగా పడింది. మిగిలిన ప్లాస్మాతో ఇంకోసారి చూశారు. అదే అంకె.

ఆ కాగితం పైకి పంపి, పెద్దమ్మ మొదటిసారి మెట్లెక్కింది.

నడవాలో బల్లమీద అమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. బాలింత. పడుకోమంటే వినకుండా బిడ్డ వెనకే వచ్చేసింది. పక్కనే మరో బాలింత ఉంది. గోడలకు రంగులు వేసే అతని భార్య. వాళ్ళ పిల్లాడిదీ పేగు మూసుకుపోయిన కేసే, ఆవేళే ఆపరేషన్. ఇద్దరూ అప్పటికే ఒకరి కథ ఒకరికి చెప్పేసుకున్నారు.

"అక్కా, ఎలా ఉంది?" అంది అమ్మ.

"రక్తం ఆలస్యంగా గడ్డకడుతోంది. సూది వేస్తారు, ప్లాస్మా ఎక్కిస్తారు. కాస్త సర్దుకున్నాక కోస్తారు."

"బతుకుతాడా?"

పెద్దమ్మకు అంకెలు తెలుసు. డాక్టరమ్మ చెప్పిన మబ్బు మాటా తెలుసు.

"నాకు తెలీదే" అంది.

అమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "అక్కవని అడిగాను. టెక్నీషియన్‌లా చెప్పావు" అని మొహం గోడవైపు తిప్పేసుకుంది.

పెద్దమ్మ అక్కడే నిలబడిపోయింది. అప్పుడు రంగులతని భార్య మెల్లిగా అడిగింది. "రక్తం చూసేది మీరేనా అమ్మా? మా వాడిది కూడా చూశారా?"

చూసింది. పొద్దున తన చేత్తోనే చూసింది. మంచి అంకె. ఒకరికైనా ఇవ్వదగ్గ మాట తన దగ్గర ఉందనిపించింది కాబోలు, ఎవరికీ భరోసా ఇవ్వకూడదన్న తన నియమం తప్పింది. "మీ వాడి రక్తం చక్కగా ఉందమ్మా. ఏం భయపడకు" అంది.

రంగులతని భార్య రెండు చేతులూ పట్టుకుంది. ఎండిన పెదాలతో నవ్వింది. అమ్మ గోడవైపు నుంచి తల తిప్పలేదు.

వాళ్ళ పిల్లాడికి మధ్యాహ్నమే ఆపరేషన్ అయింది. తమ్ముడికి ప్లాస్మా ఎక్కించి, మళ్ళీ పరీక్ష చేసి, పొద్దు వాలే వేళకు గానీ ఆపరేషన్ బల్ల ఎక్కించలేదు. పేగులో చెయ్యి వెడల్పున నల్లబడ్డ భాగాన్ని కోసేసి, రెండు కొసల్నీ కలిపి కుట్టారు. చిన్న డాక్టరమ్మ బయటికి వచ్చి, "నా పని అయింది. ఇక వాడి పని మొదలు" అన్నారు నాన్నతో.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో ఎలా గడిచాయో నాకు బాగా గుర్తు. నేను కింది వాటాలో పెదనాన్న దగ్గర ఉన్నాను. ఆయన వంట చేసేవాడు. ఉప్పు వేశాడో లేదో ఆయనకే తెలిసేది కాదు. మేమిద్దరం తిని, గిన్నెలు కడిగి, గడప మీద కూర్చుని పెద్దమ్మ కోసం ఎదురుచూసేవాళ్ళం. ఆమె వీధి మలుపు తిరగగానే పెదనాన్న ఆమె నడక చూసి, "ఇవాళ కాస్త నయమే" అనో, ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్ళడమో చేసేవాడు. తమ్ముడి రక్తం రోజూ చూస్తున్నారు. మాస్టారు వంచుతున్నారు, పెద్దమ్మ "ఆపండి" అంటోంది. ఆ అంకె ఒకరోజు తగ్గేది, ఒకరోజు పెరిగేది. మొత్తం మీద చీమ నడిచినట్టు కిందికి దిగుతోంది.

రంగులతని పిల్లాడి రక్తం మళ్ళీ చూడలేదు. బాగున్నదాన్ని మళ్ళీ మళ్ళీ ఎందుకు చూడడం, ఉన్న గ్లాసుడు రక్తంలోంచి తోడడం ఎందుకు అని. అందులో తప్పేమీ లేదు. అప్పటికి అదే పద్ధతి. పిల్లాడు ఏడుస్తున్నాడు, కళ్ళు తెరుస్తున్నాడు. ఆపరేషన్ అయిన రెండు రోజులకు ఒళ్ళు కాలింది. పొట్ట మళ్ళీ బిగిసింది. ఆదరాబాదరాగా కిందికి పంపిన రక్తంలో పెద్దమ్మ ఎంతసేపు వంచినా పోగు పడలేదు. ఇంకా వంచుతూనే ఉంటే మాస్టారు ఆమె చేతిలోంచి ట్యూబు తీసుకుని బల్లమీద పెట్టారట. మందులు ఎక్కించారు, ప్లాస్మా ఎక్కించారు. ఆ మధ్యాహ్నం పిల్లాడు పోయాడు.

పెద్దమ్మ పక్కనున్న ఉతికే గదిలోకి వెళ్ళి, దుప్పట్ల గుట్ట మీద కూలబడింది. అక్కడ పనిచేసే ఆవిడ మిషను ఆపకుండా తన పని తాను చేసుకుంటూ పోయిందట. ఆ మోతలో ఎంత ఏడ్చినా ఎవరికీ వినబడదని ఆవిడకు తెలుసు.

ఇంకో వారానికి తమ్ముడి పేగు కదిలింది. ఏ ఇంట్లోనైనా పిల్లాడికి మొదటి పన్ను వస్తే సంబరం, మొదటి అడుగు వేస్తే సంబరం. మా ఇంట్లో గుడ్డ పాడుచేస్తే సంబరం. అమ్మ ఆ గుడ్డను చుట్ట చుట్టుకుని, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి ల్యాబుకు వచ్చింది. అక్కతో మాట్లాడి అప్పటికి పది రోజులు కావొస్తోంది. గుమ్మంలో నిలబడి గుడ్డ చాపింది.

"తెలీదన్నావుగా. ఇదిగో, దీన్ని కూడా వంచి చూసుకో" అంది.

మాస్టారు స్టూలు మీంచి లేచి, "అమ్మా, ఈ పరీక్షకి నా కళ్ళు చాలు" అన్నారు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ నవ్వారట. నవ్వుతూ నవ్వుతూ అమ్మ ఉన్నట్టుండి ఆగి, "ఆవిడ బల్ల ఖాళీగా ఉందక్కా. పైన కూర్చోలేకపోతున్నాను" అంది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వలేదు.

తమ్ముడు ఇంటికి వచ్చాక కూడా పెద్దమ్మ కుదుటపడలేదు. ఏదైనా తింటూ తింటూ ఆగిపోయేది. "ఎందుకన్నానా మాట? సొంత చెల్లెలికి చెప్పలేని మాట పరాయి మనిషికి ఎందుకు చెప్పాను?" అనేది. పెదనాన్న కొన్నాళ్ళు విని, ఒక ఆదివారం చొక్కా తొడుక్కుని, "పద. ఆవిడ ఇల్లెక్కడో నాకు తెలుసు. మా బస్సు దారిలోనే" అన్నాడు. నన్ను కూడా తీసుకెళ్ళారు, ఇంట్లో ఎవరూ లేరని.

ఒకటే గది. మూలన రంగు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నీళ్ళ బకెట్లో బ్రష్షులు నానుతున్నాయి. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. ఒక దుకాణానికి ఇంటిదగ్గరే కుట్టి ఇచ్చేదట. పెద్దమ్మను చూసి లేచింది. భర్త పనికి వెళ్ళాడంది. కూర్చోమని చాప వేసింది.

పెద్దమ్మ కూర్చోకుండానే మొదలుపెట్టింది. "అమ్మా, ఆ రోజు నేను నీతో ఒక మాటన్నాను. అనకుండా ఉండాల్సింది. నాకు ఆ ఒక్క పూట రక్తమే తెలుసు. రేపటిది తెలీదు. తెలిసినట్టు చెప్పాను."

ఆవిడ సూది చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది.

"మీరు ఆ మాట అన్నాక నేను నిద్రపోయానమ్మా" అంది. "వాడు పుట్టాక అదే మొదటిసారి నిద్రపోవడం. లేచి వాణ్ణి చూసి నవ్వాను. మాట్లాడాను. మా ఆయన్ని పాట పాడమన్నాను, ఆయనకి రాదు, అయినా పాడాడు. మీరు అనకపోతే ఆ రెండ్రోజులు కూడా ఏడుస్తూనే కూర్చునేదాన్ని. వాడికి నా నవ్వుమొహం తెలిసేది కాదు."

పెద్దమ్మ అప్పుడు కూర్చుంది. పెదనాన్న బయటికి వెళ్ళి నిలబడ్డాడు. నన్ను కూడా రమ్మని సైగ చేశాడు. నేను కదల్లేదు. ఆవిడ మళ్ళీ చొక్కా చేతిలోకి తీసుకుంది. పెద్దమ్మ గుండీల డబ్బా దగ్గరికి లాక్కుని, రంగులవారీగా వేరుచేసి ఇవ్వసాగింది.

మర్నాడు పెద్దమ్మ తనంతట తానే చిన్న డాక్టరమ్మ గదికి వెళ్ళింది. కోసే ముందు ఒక్కసారి చూసి వదిలేయడం కాదు, కోశాక కూడా చూద్దాం, బాగున్నవాళ్ళవి కూడా చూద్దాం అంది.

"నేను కూడా అదే ఆలోచిస్తున్నాను" అన్నారు డాక్టరమ్మ. "రక్తం ఎక్కణ్ణించి తెద్దాం?"

"ఇప్పుడు తీస్తున్నదాంట్లో సగంతో చేస్తాను. ఇంకా చిన్న ట్యూబు తయారుచేసుకుంటాం. చెయ్యి కుదరడానికి కాస్త గడువివ్వండి."

చెయ్యి కుదరడానికి కొన్ని నెలలు పట్టింది. మాస్టారిదీ తనదీ రక్తం తీసుకుని, చుక్కలు తగ్గించుకుంటూ, పాత పద్ధతిలో వచ్చిన అంకే కొత్త పద్ధతిలోనూ వచ్చేదాకా సాధన చేశారు. ఆ తర్వాత ఆపరేషనైన ప్రతి బిడ్డకూ వరసగా కొన్నాళ్ళు చూడడం మొదలుపెట్టారు. పోగు ఆలస్యమవుతోందంటే లోపల ఏదో రగులుతోందని పైవాళ్ళు ముందే కనిపెట్టుకుని ఉండేవారు. మందు మార్చేవారు, ప్లాస్మా సిద్ధం చేసుకునేవారు, ఒక్కోసారి మళ్ళీ కోసి చూసేవారు. ఆ తర్వాతి ఏళ్ళలో బతికి ఇళ్ళకు వెళ్ళే పిల్లలు ఎక్కువయ్యారు. అదంతా ఈ పరీక్ష వల్లేనా అని అడిగితే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపేవారు. పసివాళ్ళను పడుకోబెట్టే వెచ్చటి పెట్టెలు వచ్చాయి, మత్తుమందు మెరుగైంది, పసరు రంగు చూడగానే పంపించే నర్సులు పెరిగారు అనేవారు. "అయితే మా ట్యూబులది కూడా ఒక వేలు ఉంది కదా?" అనేది పెద్దమ్మ. "ఒక వేలేంటి, గుప్పెడు ఉంది" అనేవారు ఆవిడ.

పెద్దమ్మ వార్డుకు వెళ్ళడం కూడా అప్పుడే మొదలైంది. పరీక్షలన్నీ అయిపోయాక, సాయంత్రం ఇంటికి వచ్చేముందు ఒకసారి మెట్లెక్కి, బల్లల మీది తల్లుల పక్కన కూర్చునేది. అంకెల ఊసెత్తేది కాదు. "ఇవాళ ఏం చేశాడు మీవాడు?" అని అడిగేది. వాళ్ళు చెప్పుకుపోయేవారు, ఆవులించాడనీ, వేలు పట్టుకున్నాడనీ.

మాస్టారు రిటైరయ్యారు. ఆయన తర్వాత ల్యాబు పెద్దమ్మ చేతికి వచ్చింది. ఇంకొన్నేళ్ళకు మిషను వచ్చింది. ట్యూబు పెడితే చాలు, తనే వెచ్చబరిచి, తనే చూసి, అంకె అచ్చుకొట్టి ఇచ్చేది. పెద్దమ్మ దాన్ని ఒక్కమాట అనలేదు. "దానికి చేతులు వణకవు, చెల్లెళ్ళు లేరు" అనేది. కాకపోతే నీళ్ళ తొట్టిని పారేయనివ్వలేదు. కొత్తగా చేరినవాళ్ళకు ముందు దాని దగ్గరే పని నేర్పేది. పోగు పడడం ఒకసారైనా కళ్ళతో చూడని మనిషికి అంకె అంటే ఏంటో ఎలా తెలుస్తుంది అని ఆమె వాదన.

తమ్ముడి పొట్టకు అడ్డంగా గీత మిగిలింది. వాడితో పాటు అదీ పెరిగింది. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. తిండి దగ్గర కూర్చుంటే లేవడు. పేగు తగ్గినవాడు ఇంత తింటున్నాడంటే, ఉన్నదంతా ఉంటే మమ్మల్ని కూడా తినేసేవాడని పెదనాన్న అనేవాడు.

పెద్దమ్మ రిటైరైన వారానికి రంగులతనూ భార్యా మా ఇంటికి వచ్చారు. అప్పటికి రెండిళ్ళ మధ్యా రాకపోకలు మామూలైపోయాయి. ఆ తర్వాత పుట్టిన వాళ్ళ కూతురు బడికి వెళ్ళే దారిలో మా గడప తొక్కకుండా వెళ్ళేది కాదు. ఆ రోజు అతను డబ్బాలూ నిచ్చెనా తెచ్చుకున్నాడు. ముందుగదికి రంగు వేస్తానన్నాడు.

"రక్తం రంగు తప్ప ఏదైనా పర్వాలేదు. ముప్ఫయ్యేళ్ళు చూసింది, చాలు" అన్నాడు పెదనాన్న.

"తెలుపు వేసెయ్యి. అదే చాలు" అంది పెద్దమ్మ.

అతను తెలుపులో ఏదో కొంచెం, ఇంకేదో కొంచెం కలిపి, కర్రతో చాలాసేపు తిప్పాడు. తెల్లవారబోయే ముందు ఆకాశం ఉంటుందే, అలాంటి లేత నీలం వచ్చింది. గోడ మీద ఒక గీత గీసి వెనక్కి నిలబడి చూసుకున్నాడు. "మావాడు పుడతాడనగా గదికి వేద్దామని కలిపాను. అప్పుడు వేయనే లేదు. లెక్క గుర్తుందో లేదో అనుకున్నా. ఉంది" అన్నాడు. అతను నిచ్చెనెక్కి పైనుంచి మొదలుపెట్టాడు.

నాకు పెద్దమ్మ గుర్తుకొస్తే ల్యాబు కన్నా ఆ గదే ముందు గుర్తుకొస్తుంది. మధ్యాహ్నాలు రంగులతని భార్య గుండీల సంచీ పట్టుకుని వచ్చేది. ఇద్దరూ కిటికీ పక్కన చాప వేసుకుని కూర్చునేవారు. ఒకరు కుట్టేవారు, ఒకరు సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేవారు. పెదనాన్న కుర్చీలో గురక పెట్టేవాడు. పై వాటాలోంచి అమ్మ, "అక్కా, టీ పెట్టనా?" అని కేకేసేది. "పెట్టు, ముగ్గురికి" అనేది పెద్దమ్మ. నిద్రలోనే పెదనాన్న, "నలుగురికి" అనేవాడు.